మనము వినని ఇటలీ

మన సంఘపు సంచికకు సంస్కృతిని గూర్చి వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, వారి మనస్సులో త్యాగరాజస్వామియో కృష్ణదేవరాయలో ఉండి యుందురు. నేనెన్నుకొన్న విషయమును వినగానే వారి ముఖము చిన్నవోయినది. "1970 ప్రాంతపు పాశ్చాత్య రాక్ సంగీతమా? అది మన సంచికకు తగునా?" అనిరి. తగుననియే నా వాదము. ఇంటిలో ఒక భాష, వీధిలో మరియొక భాష, కార్యాలయములో మూడవ భాష మాట్లాడుచు మూడు నాలుగు తరములుగా ఇక్కడ బ్రదుకుచున్న మనవంటి వారికి ఆ సంగీత చరిత్రలో ఒక భాగము మిక్కిలి అవసరము. కార్యదర్శిగారు పెద్దమనస్సుతో అంగీకరించిరి. వ్యాసము తుదివరకు చదివిన పిమ్మట కూడ వారికి అదే మనస్సు ఉండునో లేదో చెప్పజాలను.

నేను సంగీత విద్వాంసుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, ఒక కార్యాలయములో 38 సంవత్సరములు తపాలు గుమాస్తాగా పనిచేసి, 2021లో విశ్రాంతి పొందినవాడను. మా వీధిలో ఒక ఆంగ్లో ఇండియను కుటుంబము ఉండెడిది. వారి ఇంట 1975లో, నా పదునాలుగవ ఏట, పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అను రికార్డును మొదట వింటిని. ఆ ఇంటి పెద్దకొడుకు నాకు 'మనీ' అను పాటను వినిపించి, దీనికి తాళము వేయుము చూతమనెను. నేను రెండు క్షణములు విని 7 లెక్కలు వేసితిని. అతడు ఆశ్చర్యపడెను. అందులో ఆశ్చర్యమేమున్నది? మా అమ్మగారు వంట చేయుచు మిశ్రచాపులో కృతులు పాడుచుండ పెరిగిన చెవులవి. నాటినుండి నేటివరకు ఆ సంగీతము నన్ను విడువలేదు.

దానికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. మూడు నిమిషముల ప్రణయగీతమును దాటి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునుండి కట్టడమును, జాజ్ నుండి మనోధర్మమును, జానపదమునుండి బాణీలను తీసికొని, ఒక్కొక్క కృతిని 20 నిమిషములవరకు నడిపిన ప్రయత్నమది. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్‌సన్ వారి మొదటి రికార్డు వెలువడుటతో దానికి స్వరూపమేర్పడినదని చెప్పుట వాడుక. ఆ రికార్డులో మెలోట్రాన్ అను వాద్యము వినబడును. చూచుటకు చిన్న హార్మోనియమువలె మెట్లు కలది. ప్రతి మెట్టు క్రిందను ఒక టేపు ముక్క. దానిపై ముందుగనే రికార్డు చేయబడిన ఫిడేళ్ల ధ్వనియో, పిల్లనగ్రోవి ధ్వనియో, బృందగానమో ఉండును. మెట్టు నొక్కినంతసేపు టేపు నడచును. సుమారు 8 సెకండ్లకు అయిపోవును. వేలు తీసి మరల నొక్కవలెను. ఎండకు, తేమకు, త్రోవలోని కుదుపులకు శ్రుతి తప్పును. అయినను ఆ వణకుచున్న ధ్వనిలో ఏదో ఒక దుఃఖము పలుకును. ఈనాడు కంప్యూటరు ఆ ధ్వనిని తప్పులతో సహా అనుకరించుచున్నది. తప్పులే కావలసివచ్చుట వింతయే గదా!

ఇక నా కలహము మొదలగుచున్నది. నేను మూడు పక్షములతో కలహింపవలసియున్నది.

మొదటి పక్షమువారు, "ఈ సంగీతములో వినదగినవి ఐదారు బృందములే, పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనిసిస్, కింగ్ క్రిమ్‌సన్, జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్, తక్కినవి మంచివైనచో కాలము వానిని నిలిపియుండును" అందురు. మా తమ్ముని కుమారుని స్నేహితులందరిది ఈ పక్షమే. వారి చేతిలోని ఫోను ఏది వినిపించిన అదియే సంగీతము. కాలము నిలుపునట! కాలమునకు చెవులున్నవా? తపాలు గుమాస్తాకు తెలిసిన సత్యమొకటి కలదు. రిజిస్టరులో ఎక్కిన కాగితములన్నియు ముఖ్యములు కావు. ముఖ్యమైన కాగితములన్నియు రిజిస్టరులో ఎక్కవు. పై అధికారి ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టినదానికే ఫైలు తెరవబడును. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అమెరికాలోని బిల్‌బోర్డు పట్టికలో 1973 మొదలు 1988 వరకు 700 పైచిలుకు వారములు నిలిచినది. ఆ ఘనతను నేను కాదనను. 2002లో ఆ బృందమునకు చెందిన రోజర్ వాటర్స్ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో పాడినప్పుడు వెనుక వరుసలో నిలువబడి కన్నీరు పెట్టుకొన్నవాడను. అయితే అదే ఇంగ్లండులో జెంటిల్ జయంట్ అను బృందముండెను. షుల్మన్ సోదరులు ముగ్గురు, రాయల్ అకాడమీలో సంగీతరచన నేర్చిన కెర్రీ మినియర్ అను విద్వాంసుడు అందులోనివారే. 1972లో వెలువడిన 'ఆక్టోపస్' అను వారి రికార్డులో 'నాట్స్' అను పాట కలదు. నాలుగు గొంతుకలు ఒకదానిని ఒకటి తరుముకొనుచు, ఒక్కొక్క మాటను ముక్కలుగా పంచుకొని పాడును. పేరునకు తగినట్లు అది ముడులపై ముడులు వేసిన త్రాడే. మొదటి దినము నాకు తలనొప్పి వచ్చినది. పదవ దినమున అది లేక నిద్ర పట్టదయ్యెను. ఈ బృందము పదేండ్లు శ్రమించి 1980లో విచ్ఛిన్నమైనది. ప్రతిభ చాలకనా? ఇంగ్లండులో వారి రికార్డులు అమ్ముడుపోలేదు, అంతే.

అమ్మకము విద్వత్తునకు కొలబద్ద కాదనుటకు మరియొక నిదర్శనము. పీటర్ హామిల్ అను కవిగాయకుడు నడపిన వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ వారి 'పాన్ హార్ట్స్' 1971లో వెలువడినప్పుడు స్వదేశమువారు దానిని పట్టించుకొనలేదు. ఇటలీ దేశములో అదే రికార్డు అమ్మకములలో ప్రథమస్థానమునకు వచ్చినది! జెనిసిస్ వారిని సైతము ఇంగ్లండుకంటె ముందు గుర్తించినవారు బెల్జియమువారు, ఇటలీవారు. ఒకే రికార్డు ఒక దేశములో మహాకావ్యము, ఇంకొక దేశములో చిత్తుకాగితము. ఇందులో కాలము ఏ తీర్పు ఇచ్చినట్లు?

రెండవ పక్షమువారు విమర్శకులు. వీరు చెప్పునదేమన, ఈ సంగీతమంతయు ఆడంబరము, డాబు, ధనికుల వినోదము. 1976, 77లలో పంక్ అను ఉద్యమము వచ్చి దీనిని ఊడ్చివేయుట మంచిదైనది. ఆడంబరము లేదని నేను బొంకను. యెస్ బృందమువారి 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' 1973 నాటిది. పరమహంస యోగానందగారి ఆత్మకథలోని ఒక అధోజ్ఞాపికలో శ్రుతి, స్మృతి, పురాణము, తంత్రములను గూర్చి నాలుగు మాటలున్నవి. జాన్ ఆండర్సన్ అను గాయకుడు టోక్యోలో ఆ పుటను చదివి, రెండు రికార్డులు, నాలుగు పార్శ్వములు నిండునట్లు నాలుగు కృతులు కట్టించెను. మన తాతలు ఒక సూత్రమునకు వేయి పుటల భాష్యము వ్రాసినవారే కావున నేనాయనను తప్పుపట్టను. అయినను రెండవ రికార్డు వినునప్పుడు నాకు ఆవులింత వచ్చినమాట నిజము. ఆ బృందములోనే వాయించుచుండిన రిక్ వేక్‌మన్‌కు సైతము విసుగు పుట్టి, మాంచెస్టరులో కచేరీ మధ్యను వేదికపైననే కూర్చుండి మన దేశపు కర్రీ తెప్పించుకొని తినెను. ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వారు 1977లో పెద్ద వాద్యబృందమును వెంటబెట్టుకొని అమెరికా యాత్ర చేసి, ఖర్చు భరింపలేక దానిని నడిత్రోవలో ఇంటికి పంపివేసిరి. ఇవి నిజములు. ఒక ఇంటి పెండ్లిలో పందిరి అతిగా వేసిరని వివాహధర్మమునే నిందించువారున్న, వారిని గూర్చి ఏమందుము?

మరియు ఊడ్చినవారి సంగతి చూడుడు. పంక్ ఉద్యమమునకు నాయకుడనిపించుకొన్న జాన్ లైడన్, పింక్ ఫ్లాయిడ్ తనకు అసహ్యమని వ్రాసిన చొక్కా తొడుగుకొని తిరిగెను. అదే లైడన్ 1977లో లండను క్యాపిటల్ రేడియోవారు నీకిష్టమైన రికార్డులు తెమ్మనగా, తెచ్చినవానిలో పీటర్ హామిల్ పాటలుండెను! చీపురు పట్టినవాని సంచిలో, ఊడ్చివేయబడినదని చెప్పుచున్న సరకే కనబడినది. ఆ చొక్కా మాట విమర్శకులందరికి గుర్తు. రేడియో మాట ఎందరికి గుర్తున్నది?

మూడవ పక్షమువారు మొదటివారికి విరోధులు. చూపునకు నా మిత్రులవలె కనబడుదురు. వీరు సంగ్రాహకులు. ఎవరికి తెలియనిది అయినచో అది గొప్పదని వీరి సిద్ధాంతము. ఇటలీలో మ్యూజెయో రోసెన్‌బాక్ అను బృందమువారు 1973లో 'జరతూస్త్ర' అను ఒక్క రికార్డు వెలువరించిరి. అట్టమీది చిత్రములో ముసోలినీ విగ్రహపు తునక యొకటి ఉండుటచే వారిపై అనుమానము పుట్టినది. రికార్డు నిలువలేదు, బృందము నిలువలేదు. సంగీతము మాత్రము నిజముగా బలమైనది. నేడు దాని తొలిముద్రణ ప్రతికి సంగ్రాహకులు పెద్ద సొమ్ము చెల్లించుచున్నారు. వారి సంభాషణ వినుడు: చీటీ రంగేది, అట్ట మడత పడినదా, ఏ సంవత్సరపు ముద్రణ? రాగమును గూర్చి ఒక్క మాట రాదు. తాళపత్ర గ్రంథమును పట్టుబట్టలో చుట్టి పూజించుచు ఒక్క ఆకైనను చదువనివానికిని వీరికిని భేదము నాకు కనబడదు. మరుగుపడినవానిలో మరుగుపడదగినవియే అధికము. ఈ సంగతి ఏండ్ల తరబడి విన్న చెవులతో చెప్పుచున్నాను. వెదకుట అపురూపమైనదానికొఱకు కాదు, మంచిదానికొఱకు.

ఇంతకు నేను వెదకినది ఎట్లనగా, అది వెదకుట కాదు, వచ్చి ఒళ్లో పడుటయే. 1980 తరువాత కొన్నేండ్లు మన పట్టణములో, రికార్డులనుండి క్యాసెట్టులు నింపి ఇచ్చు దుకాణములుండెడివి. కంటోన్మెంటులో అట్టి దుకాణమొకదానిలో, మొదటి జీతములలో మిగిలిన సొమ్ముతో 60 నిమిషముల క్యాసెట్టొకటి నింపుమని ఇచ్చితిని. ఒక ప్రక్క చివర తొమ్మిది నిమిషముల ఖాళీ మిగిలినదట. దుకాణదారు మంచివాడు, ఖాళీ వదలుట ఇష్టము లేక చేతికి దొరికిన పాటయొకటి ఎక్కించెను. దాని పేరు వ్రాయలేదు. మొదట గిటారుతో మెల్లగ నడచి, నడుమ యంత్రవాద్యములతో అడవివలె చిక్కబడి, చివరకు మరల తేటపడును. భాష ఇంగ్లీషు కాదు. నేను ఆ పాటను ముప్పది సంవత్సరములు పేరు తెలియకయే వింటిని. 2012లో మా తమ్ముని కుమారుడు కంప్యూటరులో వెదకి, "పెదనాన్నగారూ, మీ పాట దొరికినది, ఇటలీవారిది" అనెను.

అది ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోని అను మిలానో బృందమువారి 'ఇల్ బాంకెత్తో', అనగా విందు. బృందము పేరునకు అర్థము బహుమతి పొందిన మార్కోని రొట్టెల దుకాణమని. (రోములోని మరియొక బృందము పేరు పరస్పర సహాయపు బ్యాంకు! ఇటలీవారి హాస్యము నాకు నచ్చును.) ఈ మిలానోవారు 1972లో స్వభాషలో రెండు చక్కని రికార్డులు చేసిరి. వారిని లోకమునకు పరిచయము చేయుదమని ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వారి కంపెనీ పూనుకొన్నది. కింగ్ క్రిమ్‌సన్‌కు పాటలు వ్రాసిన పీటర్ సిన్‌ఫీల్డ్ ఇంగ్లీషు మాటలు వ్రాసెను. 1973లో ఆ పాటలు ఇంగ్లీషులో వెలువడినవి. ఏ కారణముననో 'ఇల్ బాంకెత్తో' ఒక్కటి ఇటాలియనులోనే మిగిలినది. నాకు దొరికినది ఆ ఒక్కటియే!

తరువాత రెండు రూపములను ప్రక్కప్రక్కన పెట్టుకొని వింటిని. ఇంగ్లీషు రూపము తప్పని చెప్పను, మర్యాదగనే ఉన్నది. అయితే ఇటాలియనులో గాయకుని నోట తెరచుకొను అచ్చు ఇంగ్లీషులో హల్లుతో మూతపడును. పాట కోటు తొడుగుకొని ఇంటర్వ్యూకు పోయినట్లుండును. ఇంకొక విశేషము: 'జెనెరాలె' అను మాటలులేని వాద్యకృతి యొకటి వారి రెండవ రికార్డులో ఉండగా, ఇంగ్లీషులో దానికి మాటలు తగిలించి, తొమ్మిదినుండి ఐదువరకు పనిచేయు దొర అని పేరు పెట్టిరి. తొమ్మిదింటికి సంతకము చేసి ఐదింటికి గొడుగు తీసికొన్నవాడను గనుక, ఆ పేరు చూచి నేను నొచ్చుకొన్నమాట దాచను. సేనాపతిగా బయలుదేరినవాడు సముద్రము దాటి గుమాస్తాయైనాడు.

"భాష తెలియనిదే పాట ఏమి తెలియును?" అని మన సభ్యులే అడుగుదురు. ఈ ప్రశ్న అడుగుటకు లోకములో అందరికంటె తక్కువ హక్కుగలవారము మనము. త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించిన ప్రవాసాంధ్రుడు. ఆయన తెలుగు కృతులను తెలుగు రాని తమిళులు, కన్నడిగులు, మలయాళులు తరతరములుగా పాడుచున్నారు. మద్రాసు సభలలో తలలూపువారిలో నూటికి ఎందరికి ఆ మాటల అర్థము తెలియును? 1940 తరువాత తమిళ ఇసై ఉద్యమమువారు, మా వేదికపై మా భాష ఏది అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే అది. అయినను కృతులను తమిళములోనికి మార్చి పాడుడని ఎవరును కోరలేదు. తమిళములో క్రొత్త పాటలు రావలెనని కోరిరి. ఆ వివేకమే నాకు కావలసినది. ఇక ఫ్రాన్సులోని మాగ్మా బృందపు సంగతి వేరు. క్రిస్టియన్ వాండర్ అను మృదంగకారుడు కొబాయా అను గ్రహమును కల్పించి, దానికొక భాషను సృజించి, ఆ భాషలోనే పాడించెను. అర్థము తెలిసినవారెవరును లేని భాష! అయినను 1973 నాటి వారి బృందగానము వినుచుండగా ఒడలు జలదరించును.

ఇటలీవారు స్వభాషనే నమ్ముకొన్నప్పుడు ఎట్లుండెనో వినవలెనన్న, నేను పైన చెప్పిన బ్యాంకువారిని, బాంకో దెల్ ముత్వో సొక్కోర్సోను వినుడు. 1972లో వారు డార్విను పరిణామవాదమును రికార్డు నిండ గానము చేసిరి. నోచెంజీ సోదరులిద్దరు రెండు ప్రక్కల మెట్లవాద్యములు వాయించుచుండ, నడుమ ఫ్రాంచెస్కో ది జాకొమో స్థూలకాయుడై, గడ్డముతో, నాటకరంగపు గొంతుకతో పాడెడివాడు. 2014లో మోటారు ప్రమాదములో మరణించెను. ఆరెయా అను మరియొక బృందపు గాయకుడు దెమెత్రియో స్త్రాతోస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన గ్రీకువాడు; మిలానో చేరి ఇటాలియనులో పాడెను. ఒకే గొంతుకలో ఒకేసారి రెండు మూడు స్వరములు పలికించెడివాడు. 1979లో వ్యాధిగ్రస్తుడై న్యూయార్కు ఆసుపత్రిలో ఉండగా, చికిత్సకు సొమ్ము కూర్చుటకై మిత్రులు మిలానోలో జూన్ 14న కచేరీ నిశ్చయించిరి. ఆయన 13నాడే మరణించెను, 34 సంవత్సరముల వయస్సులో. కచేరీ ఆగలేదు, సంస్మరణగా జరిగెను. ఈయన పేరు పైని చెప్పిన ఐదారు పేర్లలో లేదు. ఎందుకు లేదో ఫోనునే అడుగుడు.

మనకు అన్నిటికంటె దగ్గరి ఉదాహరణము కెనడాలోనిది. నలువైపుల ఇంగ్లీషు సముద్రము నడుమ ఫ్రెంచి మాట్లాడు క్వెబెక్ రాష్ట్రము. అక్కడ ఒక బృందము పేరు మన భజనమందిరములోని పెట్టె పేరే, హార్మోనియం! 1975లో వెలువడిన వారి రెండవ రికార్డులో ఐదు పాటలు. నాలుగు ఋతువులకు నాలుగు, లోకములో లేని ఐదవ ఋతువునకు ఒకటి. డ్రమ్ముల మోత లేదు. పిల్లనగ్రోవి, గిటారు, మెలోట్రాన్. ఇంగ్లీషులో పాడినచో అమెరికా అంతయు వారి ముంగిటనే ఉన్నది. వారు ఫ్రెంచిలో పాడిరి. రెండేండ్లకు, 1977లో, ఆ రాష్ట్రము ఫ్రెంచిని పరిరక్షించు చట్టము చేసికొన్నది. పాటవలన చట్టము వచ్చినదని నేననను. స్వభాషలో పాడుకొనుట కలిగిన జాతికే చట్టము చేసికొను ధైర్యముండుననుట నా నమ్మకము. ఆ బృందనాయకుడు సెర్జ్ ఫియోరీ 2025 జూన్ 24న, సరిగా క్వెబెక్ జాతీయ దినోత్సవమునాడే కన్నుమూసెను.

ఎవరో యూరోపు యాత్రికుడు తెలుగును ప్రాచ్య ఇటాలియను అన్నాడని మన సభలలో చెప్పుకొనని వక్త లేడు. ప్రతి ఉగాదికి వినుచున్నాను. అయ్యా, మనలో ఇటాలియను పాటనొకదానిని విన్నవారెందరు? రెండును అజంత భాషలు, పదము తుద అచ్చుతో తెరచుకొని ఉండును, గాయకుడు దానిని పట్టుకొని ఎంతదూరమైనను పోగలడు. ఈ మాట మా తమ్ముని కుమారునితో అంటిని. అతడు నలుగురు స్నేహితులతో మేడమీద గిటారులు వాయించును, పాటలన్నియు ఇంగ్లీషులోనే. "తెలుగు ఈ లయకు అతకదు పెదనాన్నగారూ" అనెను. నేను వాదింపక ది జాకొమోను వినిపించితిని. వారము దినములు ఏమియు అనలేదు. ఎనిమిదవ దినమున, "'ఎందుకు' అను మాటలో చివరి ఉకారమును ఎంతసేపు సాగదీయవచ్చును?" అని అడిగెను. ఊపిరి ఉన్నంతసేపు అంటిని.

ఆ పిల్లలు తెలుగులో పాట కట్టిరి. పదునొకండు నిమిషములు, నడుమ మిశ్రచాపు. తప్పులున్నవి, మాటలలో ఇంగ్లీషు వాసన ఇంకను పోలేదు. గత ఉగాదికి మన వేదికపై 20 నిమిషములు ఇయ్యుడని అడిగిరి. మన కార్యవర్గము, అది పాశ్చాత్యము, మన సంస్కృతికి తగదని త్రిప్పి పంపినది. ఆ సాయంత్రము అదే వేదికపై వరుసగా తొమ్మిది సినిమా పాటలు, వెనుక రికార్డు చేసిన వాద్యము మ్రోగుచుండ, ఎవరో కట్టినవి, ఎవరో పాడినవి, మరల పాడబడినవి. వానిలో మ్రోగినది గిటారు కాదా? డ్రమ్ములు కావా? ఎవరో బొంబాయిలోనో మద్రాసులోనో వాయించిన గిటారు మన సంస్కృతి, మన పిల్లవాడు వాయించినది పాశ్చాత్యము! ఈ తర్కము నాకు బోధపడలేదు. పిల్లలు నొచ్చుకొని మరల ఇంగ్లీషుకు పోయిరి. మేడమీదినుండి నిన్న వినబడినది ఇంగ్లీషే.

వచ్చే ఉగాదికి వారికి 20 నిమిషములు ఇప్పింపవలసినదిగా కార్యవర్గమునకు నేను వ్రాసిన అర్జీ ఈ వ్యాసముతో జతపరచి పంపుచున్నాను. ఇన్‌వర్డు నంబరు వేసి, తేదీతో రసీదు ఇప్పించవలసినదిగా ప్రార్థన.